లింగమ్మ వెనక జాగా

పొద్దున్నే కల్హేర్‌లో అక్క ఇంట్లో నిద్ర లేచిన అంజద్ ఒక్కటే అనుకున్నాడు: నారాయణఖేడ్ పాలకేంద్రంలో కంప్యూటర్ బాగుచేసి, అక్క వండే తలకాయ కూర వేళకు వచ్చేయాలి. కాకపోతే హైదరాబాద్‌లోని యజమాని ఒక మెలిక పెట్టాడు. కేంద్రం అధ్యక్షుడు జగదీశ్వర్ పటేల్ స్వయంగా ఫోన్ చేసి బాగైందని చెప్పకపోతే అంజద్ ఉద్యోగం ఊడినట్టే.

తప్పు అంజద్‌దే. పాల ధర ఫ్యాట్‌ను బట్టే, అది కొలవడానికి మిషన్‌కు కాస్త సమయం కావాలి. ఆ అంకెను కంప్యూటర్‌కు చేర్చే డ్రైవర్ ప్రోగ్రాం అతను రాసిందే. దానికి ఓపిక లేదు. కొలత పూర్తి కాకముందే మిషన్‌లో ఉన్న పాత అంకెను లాక్కొచ్చేస్తోంది. దాంతో ప్రతివాళ్లకీ ముందు నిలబడ్డవాళ్ల ఫ్యాట్ పడుతోంది.

జనానికి ఇదంతా ఏం తెలుసు? లింగమ్మ అనే ముసలమ్మ వెనక నిలబడితే ఫ్యాట్ బాగా వస్తోందని మాత్రం కనిపెట్టారు. ఆమె చేతిలో బర్కత్ ఉందని, ఆమె వెనకున్నవాళ్లకు కలిసొస్తుందని అన్నారు. ఆ జాగా కోసం జుట్లు పట్టుకున్నారు, చివరికి పటేల్‌కు వదిలేశారు. చిక్కటి పాలు పోసే లింగమ్మకు మాత్రం రోజూ ఎవరివో నీళ్ల పాల అంకె. పాపం, ఫిర్యాదు చేసింది ఆమే.

అంజద్ కేంద్రానికి చేరి, కొలత పూర్తయ్యేదాకా ఆగడం డ్రైవర్‌కు నేర్పాడు. లింగమ్మ పాలకు ఎనిమిది పడింది. ముసలమ్మ సంతోషంతో కళ్లు తుడుచుకుంది. వెనకే పటేల్ పోశాడు. రెండు పడింది.

"లింగమ్మ ఎన్కనే నిలబడ్డ గదా, గిట్లెట్లొస్తది?" అన్నాడు పటేల్.

మళ్లీ పోశాడు. మళ్లీ రెండే. బర్కత్ పోయిందని లైనంతా గోల. పటేల్ క్యానును ఒక్కసారి ముట్టుకోమని కొందరు లింగమ్మను బతిమాలారు. ఈరయ్య అనే పెద్దమనిషి దిష్టి తీస్తానని మిషన్ మీదే నిమ్మకాయ కోశాడు. రసం పక్క క్యానులో పడి పాలు విరిగాయి. ఆ నింద కూడా అంజద్ మీదే పడింది.

"పాత తీర్గనే పెట్టు. లేకుంటే మీ సార్‌కు ఫోన్ చేస్త," అన్నాడు పటేల్.

అంజద్‌కు ఏడుపొక్కటే తక్కువ. పటేల్‌ను పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు.

"పెడ్త పటేల్ సాబ్. కని ఎందుకు మార్చినవని సార్ అడుగుతడు. మీ పాలల్ల నీళ్లున్నయని చెప్పాల్నా?"

పటేల్ అక్కడికక్కడే ఫోన్ తీసి, మిషన్ మస్తుగైందని యజమానికి చెప్పాడు.

మర్నాటి నుంచి అందరి పాలూ చిక్కబడ్డాయి. ఆ వారంలోనే యజమాని అంజద్‌ను మెచ్చుకుని, మళ్లీ నారాయణఖేడ్‌కే బయల్దేరమన్నాడు. పాలు సగమే తూగుతున్నాయట, తూకం మిషన్ ఖరాబైందని పటేల్ ఫోన్ చేశాడు.