ఇరవై ఏడో నంబరు గేదె

పశువైద్యం నేర్పుతామని రంగుల కరపత్రాలు అచ్చేసి ఊళ్లమీద చల్లే కాలేజీల పెద్దలారా, తప్పంతా మీదే. అద్దాల భవనం ఫోటో వేశారు, బస్సు ఫోటో వేశారు, కంప్యూటర్ల గది వేశారు. గేదె ఏదీ? ఆ ఒక్క ఫోటో వేసి ఉంటే సిద్దికా వాళ్ల గేదె ట్రాలీ ఆటో ఎక్కి గుంటూరు పొలిమేర దాకా వచ్చేదే కాదు.

సిద్దికా పది పాసైంది. పశువైద్య సహాయకుల డిప్లొమాలో చేరాలని దాని పట్టుదల. ఏ కాలేజీ కావాలో ఆ సాయంత్రం అయిదులోపు ఫోనులో నొక్కెయ్యాలి. నొక్కాక మార్చడం కుదరదు. తప్పు నొక్కితే రెండేళ్లు గాలికి పోయినట్టే. హైవే పక్కన ఒకటి, పొన్నూరు దారిలో ఒకటి, రెండూ చూసొద్దామని పొద్దున్నే తలదువ్వుకుని తయారైంది.

తండ్రి ఉస్మాన్‌ది మిర్చియార్డులో సరుకు చూసే పని. మిర్చి టిక్కీ బస్తా మూతి విప్పగానే పైకాయ చూసి మురిసే రకం కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగున తాలుకాయ ఎంత దాచారో లాగి చూడాల్సిందే. కాలేజీనీ అలాగే చూడాలన్నాడు. ఇంట్లో గేదెకు నాలుగు రోజులుగా పొదుగు వాచి ఉంది.

"దాన్నీ తీసకపోదాం. దాని వాపు తగ్గించలేనోళ్లు నీకేం నేర్పుతారు?"

సిద్దికా తల కొట్టుకుంది. అయినా బండెక్కింది.

హైవే కాలేజీ గేటు దగ్గర ట్రాలీ ఆగగానే వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. ప్రిన్సిపాలు టై ఎగరేసుకుంటూ పరుగెత్తుకొచ్చి, ఒక్కటే తెచ్చారేమని నిలదీశాడు. మాకున్నది ఒక్కటేనండి అన్నాడు ఉస్మాన్. ఆరోజు అక్కడ తనిఖీ అనీ, అద్దె గేదెల కోసం వాళ్లు తెల్లారినప్పటి నుంచి దారి కాస్తున్నారనీ పాపం అతనికేం తెలుసు? పచ్చి రంగు వాసనేసే కొట్టంలో గేదెను కట్టేసి, మెడలో 27 అని రాసిన పలక తగిలించారు.

"చూశావా, ఇక్కడ గేదెలక్కూడా టోకెన్లు," అని మురిసిపోయాడు ఉస్మాన్.

ఈలోగా ఎవరో సిద్దికాకు తెల్లకోటు తొడిగి వరసలో నిలబెట్టారు. చేరకముందే కోటు ఇచ్చారంటే పైకాయ మరీ ఎర్రగా ఉందే అనుకుంది ఆ పిల్ల.

తనిఖీకి వచ్చిన రెబ్కా మేడం పలక చదివి, మిగతా ఇరవై ఆరూ ఏవని అడిగింది. మేతకెళ్లాయండి అన్నాడు ప్రిన్సిపాలు. కిటికీలోంచి చూస్తే హైవే మీద లారీలు తప్ప గడ్డిపరక లేదు. సరే, దీని పాలు తీసి చూపించమంది. లెక్చరరు గేదెకు అలవాటు లేని వైపు కూర్చుని, వాచిన పొదుగు పట్టుకు లాగాడు. గేదె ఒక్క తన్ను తన్నింది. బకెట్టు లేచి ప్రిన్సిపాలు టైకి తగిలింది.

సిద్దికాకు ప్రాణం ఒప్పలేదు. వరస తప్పించుకుని వెళ్లి గేదె నడుము నిమిరింది, గోరువెచ్చని నీళ్లు అడిగి పొదుగు కడిగింది. రెండు ధారలు అరచేతిలోకి తీసి, విరిగిన ముక్కలు చూపించింది.

"పొదుగు వాపండి. నాలుగు రోజులైంది."

"భేష్. ఏ సంవత్సరం చదువుతున్నావమ్మా?" అంది రెబ్కా మేడం.

ప్రిన్సిపాలు కనుసైగ చేశాడు. సిద్దికా అది చూడనే లేదు.

"ఇంకా చేరలేదండి. చేరాలా వద్దా చూద్దామని వచ్చాం."

"మరి ఈ గేదె?"

"మాదేనండి. అదీ చూద్దామనే వచ్చింది."

రెబ్కా మేడం పుస్తకంలో చాలాసేపు రాసుకుంది.

కోటు విప్పి గోడమీద పెట్టి, మధ్యాహ్నం పొన్నూరు దారి పట్టారు. అక్కడ బోర్డు కంటే ముందు వాసన ఎదురొచ్చింది. రేకులు కారుతున్నాయి, కుర్చీలు విరిగాయి. మోకాళ్ల దాకా బురదతో ఉన్న రెండో ఏడాది పిల్ల ఒకతి ఎవరు మీరని కూడా అడక్కుండా గేదె దగ్గర కూర్చుని పొదుగు తడిమి, సారును కేకేసింది. ఆయన మందెక్కించాడు. ఉస్మాన్ మాత్రం వెనక పేడకుప్ప దగ్గరకు నడిచాడు. మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. పైన నిన్నటిది, కింద నిరుటిది.

"అడుగుదాకా నిజం సరుకే, నొక్కెయ్ అమ్మా," అన్నాడు చెయ్యి దులుపుకుంటూ.

అయిదుకు పావుగంట ముందు సిద్దికా నొక్కేసింది.

పలక గేదె మెడలోనే ఊరొచ్చేసింది. కాలేజీ పెద్దలారా, మిగతా ఇరవై ఆరు గేదెల్నీ తోలుకొచ్చి చూపించి ఆ పలక పట్టుకెళ్లండి. అంతవరకూ ఒక్క పని చెయ్యండి: వచ్చే ఏటి కరపత్రం మొదటి పేజీలో భవనం తీసేసి పేడకుప్ప ఫోటో వెయ్యండి, అదీ అడుగు నుంచి తీసింది.