అరవై నాలుగు జీబీలో నూట అరవై

సర్వర్‌ని రోజుకి నాలుగుసార్లు ఆపి మళ్ళీ వెయ్యడం గొప్ప ప్రజాసేవ! ఈ మాట కోపంలో అంటున్నాననుకోకండి. తొమ్మిది రోజులు కౌంటరు ముందు నిలబడి, నింపాదిగా ఆలోచించి అంటున్నాను.

మీరే చెప్పండి. కౌంటరు సరిగ్గా నడిస్తే ఏమవుతుంది? మీ కాగితం అయిదు నిమిషాల్లో మీ చేతికొస్తుంది, మీరు ఇంటికి పోతారు. అంతేగా! అదే "సర్వర్ డౌన్" అన్నారనుకోండి. పక్కావిడ పేరు తెలుస్తుంది. ఆవిడ తోటికోడలి పేరు తెలుస్తుంది. ఆ తోటికోడలు కార్తీకంలో పుట్టింటికెళ్ళి ఫాల్గుణం దాకా ఎందుకు రాలేదో కూడా తెలుస్తుంది. మా స్వాతికి నాలుగేళ్ళు. ఈ తొమ్మిది రోజుల్లో గోడ మీది టోకెన్ నంబర్లు చూసి చూసి నూట ముప్పై దాకా అంకెలు నేర్చుకుంది. ఏ బడి నేర్పుతుంది ఇంత తొందరగా?

బడి అన్నాను కాబట్టి అసలు సంగతి చెప్పేస్తాను. మేము నిలబడిందే దానికోసం. స్వాతి పుట్టినప్పుడు ఆస్పత్రివాళ్ళు చేత్తో రాసిన చీటీ ఒకటి ఇచ్చారు. అది బడివాళ్ళకి పనికిరాదట. కంప్యూటర్‌లోంచి వచ్చిన జనన ధ్రువపత్రం, మూలన ఆ నలుపుతెలుపు గళ్ళ బొమ్మ ఉన్నది, శనివారం మధ్యాహ్నం లోపు తెచ్చివ్వాలి. లేకపోతే ఆ సీటుని జాబితాలో దాని వెనకున్న పిల్లకి ఇచ్చేస్తారు. నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. ఎందుకాగిందో ఇప్పుడెందుకులెండి. దాని చదువు గేటు బయటే ఆగిపోతుందేమోనని నాకు బెంగ. ఆ బెంగతో రాత్రి పెట్టుకున్న అన్నం పొద్దున చద్దిగా తింటున్నాను.

ఇక్కడే ఒక చిన్న ఇబ్బంది ఉంది. రోజుకి నాలుగుసార్లు ఆగిపోయే ఆ సర్వర్‌ని చూసుకునేది ఎవరో కాదు, మా ఆయన సునీల్. నయా రాయపూర్‌లో ఒక ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం. ఏ ఆఫీసో అడగకండి, మాకు ఆ ఉద్యోగం ఇంకా కావాలి.

లైనులో ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నా వెనక నిలబడిన రైల్వే క్వార్టర్ల భాగ్యశ్రీ గారు అయిదో రోజున నడుం పట్టుకుని, "ఆ సర్వరు సూసీవోడెవడో గానీ, ఆడి పెళ్ళాం ఆడికి ఉప్పులేని కూరెట్టాల" అన్నారు.

"పెడుతుందిలెండి" అన్నాను. ఆ పూట పెట్టాను కూడా.

ఇంతకీ సర్వర్‌కొచ్చిన జబ్బేమిటి? ఏమీ లేదు. బ్రహ్మాండంగా ఉంది. జబ్బల్లా మిశ్రా సాబ్ గదిలో ఉన్న టీవీది.

మిశ్రా సాబ్ మా ఆయనకి పై అధికారి. ఇరవయ్యేళ్ళు గోదాములు చూసి ఇటొచ్చిన మనిషి. గోదాము నిండితే కొత్త బస్తాకి చోటుండదు, కాబట్టి గోదాము ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఆయన నేర్చుకున్న శాస్త్రమంతా ఇదే. ఆ గదిలో గోడమీద పెద్ద టీవీ, అందులో గుండ్రంగా ఒక చక్రం. సర్వర్ మెమరీ ఎంత నిండిందో చూపిస్తుంది. నిండేకొద్దీ పచ్చనిది పసుపై, పసుపు ఎరుపవుతుంది. తొంభై ఏడు శాతం చూడగానే సాబ్ టీ కప్పు కింద పెట్టేస్తారు.

"సునీల్, ఖాళీ కరో."

మా ఆయన సర్వర్‌ని ఆపి మళ్ళీ వేస్తారు. చక్రం పచ్చబడుతుంది. సాబ్ టీ పూర్తి చేస్తారు. రెండు గంటల్లో చక్రం మళ్ళీ ఎర్రబడుతుంది. ఈ మధ్యలో కౌంటర్లలో ఏం జరుగుతుందో మాకు తెలుసు. ఆపిన ఇరవై నిమిషాలూ ఏమీ లేదు. వేశాక ఇంకో నలభై నిమిషాలు ఒక్కో కాగితం నత్తలా కదులుతుంది. ఆ తరవాత కాస్త జోరందుకుని, లైను నాలుగడుగులు ముందుకేసి, నా ముందు ఇద్దరే మిగిలారనుకునే సమయానికి సాబ్ టీ కప్పు కింద పెడతారు.

మా ఆయన నచ్చజెప్పడానికి చూశారు. "సాబ్, ఇది యూనిక్స్ జాతి మిషన్. మెమరీని ఊరికే ఖాళీగా పడేసి ఉంచదు. డిస్కు లోపలినించి ఒకసారి తీసిన రికార్డుని మళ్ళీ ఎవరైనా అడుగుతారేమోనని దగ్గర పెట్టుకుంటుంది. చోటు కావాలంటే అప్పటికప్పుడే వదిలేస్తుంది."

"అంటే అక్కర్లేని కాగితాలు బల్లమీద పరుచుకు కూచుందన్నమాట" అన్నారట సాబ్. "అలా కూచున్న గుమాస్తా ఒకడుండేవాడు మన దగ్గర. ఇప్పుడెక్కడున్నాడు?"

"జగదల్‌పూర్‌లో, సాబ్."

"మంచి ఊరు. నువ్వు చూశావా?"

ఆయన చూడలేదు. బదిలీ మీద వెళ్ళి చూడాలని కూడా లేదు.

ఈ మెమరీ గొడవ నాకు ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. మా అత్తయ్య కమల గారి పుణ్యమా అని వెంటనే అర్థమైంది. ఆవిడ మిషన్ ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు నర్సు. రిటైరయ్యాక ఆవిడకి ఆపరేషన్ థియేటరు లేక, మా వంటగట్టుని థియేటరు చేసుకున్నారు. వంట కాగానే ఒక్క చెంచా కూడా గట్టుమీద కనపడకూడదు. పోపు డబ్బా, నూనె, చింతపండు, ఉప్పు అన్నీ లోపలి గదిలో అలమరలోకి పోవాలి. గట్టు మాత్రం తళతళా మెరుస్తుంది! చుట్టాలందరూ మెచ్చుకుంటారు. మళ్ళీ పొయ్యి వెలిగించాక నేను పోపుకొకసారి, ఉప్పుకొకసారి, పసుపుకొకసారి అలమర దాకా నడుస్తాను. నేనొచ్చేసరికి ఆవాలు మాడిపోతాయి.

"ఏంటమ్మాయ్ గ్లోరీ, ఇంకా అవ్వలేదా?" అంటారు అత్తయ్య. "గట్టంతా ఖాళీయేగా. జల్దీ కానివ్వు."

అయినా నేను ఖాళీకి వ్యతిరేకిని కాను. ఖాళీని మించిన అందం ఏముంది? నయా రాయపూర్ రోడ్లు చూడండి. ఆరేసి బళ్ళు పక్కపక్కన పోగలవు, ఒక ఆవు తప్ప ఏమీ పోదు. ఎంత ఆరోగ్యంగా ఉన్నాయి! మే నెలలో ఆరంగ్ దగ్గర మహానది చూడండి. నీళ్ళతో నిండిపోయి ఎర్రబడే ప్రమాదమే లేదు, కావలసినంత ఇసక. మిశ్రా సాబ్ లెక్కలో పిల్లలు లేని బడి మంచి బడి. మందులు అలమరలోంచి బయటికి రాని ఆస్పత్రి మంచి ఆస్పత్రి. ఆ లెక్కన బీర్‌గావ్ నుంచి పొద్దున్నే ఫ్యాక్టరీ షిఫ్టుకి జనంతో కిక్కిరిసి పోయే ఆటోని దారిలో ఆపి అందరినీ దింపేసి, "చూడు, ఇప్పుడెంత తేలిగ్గా ఉందో" అనాలి.

గురువారం నాడు సేవ ఇంకొక మెట్టు పైకెక్కింది.

సాబ్ ఆ రోజు మా ఆయన కంప్యూటర్ ముందు కూచుని, సర్వర్‌లో ఏమేం నడుస్తున్నాయో ఆ జాబితా చూశారు. పది కౌంటర్లు కాబట్టి డేటాబేస్‌వి పది వరసలున్నాయి. ప్రతి వరస పక్కనా పదహారు జీబీ అని ఉంది. సాబ్ జేబులోంచి కాలిక్యులేటర్ తీశారు. పది పదహార్లు నూట అరవై.

"సర్వర్ డబ్బాలో మొత్తం చోటెంత?"

"అరవై నాలుగు, సాబ్."

"అందులో నూట అరవై ఎలా పట్టింది?" కాలిక్యులేటర్ మా ఆయన ముక్కు దగ్గర పెట్టారట. "మిగతా తొంభై ఆరు ఏ ఆఫీసునించి తెచ్చావు? రాసివ్వు."

ఆ పదహారు ఒక్కటే, పది మందీ కలిసి వాడుకుంటున్నారు, ప్రతివాడి పక్కనా మళ్ళీ మళ్ళీ అదే కనిపిస్తోంది, అని మా ఆయన చెప్పారు. ఇది కూడా నాకు వెంటనే అర్థమైంది. మా వాకిట్లో మూడు కాపురాలు, ఒకటే బోరు మోటారు. మొన్న సర్వేకొచ్చిన అమ్మాయి మూడు తలుపులూ తట్టి "మోటారుందా?" అంటే మూడిళ్ళవాళ్ళమూ ఉందన్నాం. కాగితంలో మూడు మోటార్లు పడ్డాయి. ఆ కాగితం చదివినవాడు మాకు నీళ్ళెక్కువయ్యాయనుకుంటాడు. కుళాయి కిందకెళ్ళి చూస్తే తెలుస్తుంది.

సాబ్ కుళాయి కిందకెళ్ళే మనిషి కాదు. "అందరికీ అదే పదహారైతే ఒక్కడు చాలు. తొమ్మిదింటిని ఆపెయ్" అన్నారు.

తొమ్మిది కౌంటర్లు మూశారు. లైను గేటు దాటి, పాన్ డబ్బా దాటి, రోడ్డెక్కింది. చక్రం మాత్రం తొంభై ఏడు దగ్గరే ఎర్రగా కూచుంది. ఎందుకు దిగుతుంది? పది మందిదీ ఒకటే కదా!

ఆ సాయంత్రం మా ఆయన వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూచున్నారు. "రేపు సాబ్‌కి ఆ తొంభై ఆరు సంగతి రాసివ్వాలి. నాకు జగదల్‌పూరు ఖాయం. స్వాతి కాగితం వస్తుందన్న నమ్మకం నాకు లేదు" అన్నారు.

అప్పుడు నాకొక సంగతి గుర్తొచ్చింది. ఈస్టర్ ముందు ఒకరోజు గట్టుమీద డబ్బాలు చూసి అత్తయ్య, "ఇదేవన్నా కిరాణా కొట్టా? చపాతీలొత్తడానికి జాగా ఏదీ?" అన్నారు. నేను వాదించలేదు. "ఎంత కావాలత్తయ్యా?" అని మోచేత్తో డబ్బాలన్నీ ఒక్కసారి పక్కకి జరిపాను. మూడు పీటలు పట్టే చోటు వచ్చింది. ఆవిడ చూసి, "ఆఁ, ఉందిలే" అన్నారు.

"ఏవండీ," అన్నాను, "ఎంత సామాను బయటుందో మీ చక్రం చూపిస్తోంది. మోచేత్తో జరిపితే ఎంత చోటొస్తుందో చెప్పే లెక్క మీ మిషన్‌లో లేదా?"

ఆయన చెప్పులు విప్పారు. "ఉంది. అవైలబుల్ అని, అన్నిటికన్నా చివరి గడిలో ఉంటుంది. అంతదూరం ఎవరూ చదవరు."

శుక్రవారం పొద్దున్నే వెళ్ళి, చక్రంలో ఆ చివరి గడి అంకె పెట్టేశారు. సర్వర్‌ని ముట్టుకోలేదు, ఒక్క నట్టు తిప్పలేదు. సాబ్ వచ్చి చూస్తే దొరికే చోటు డెబ్బై ఒక్క శాతం, చక్రం పచ్చపచ్చగా ఉంది.

"చూశావా," అన్నారట, "రోజూ ఊడ్పించాను, ఆరోగ్యం కుదిరింది." నూట అరవై సంగతి మళ్ళీ ఎత్తలేదు. పది కౌంటర్లూ తెరిచారు.

శనివారం పదకొండింటికి స్వాతి ధ్రువపత్రం నాలుగు నిమిషాల్లో నా చేతికొచ్చింది. వేడివేడిగా, మూలన గళ్ళ బొమ్మతో. కాగితం పట్టుకుని బడి దాకా ఎలా వెళ్ళానో నాకు తెలియదు. సీటు నిలిచింది. నష్టం కూడా ఉందిలెండి: స్వాతి అంకెలు నూట ముప్పై దగ్గరే ఆగిపోయాయి.

కథ ఇక్కడితో అయిపోతే నేను నిజంగానే సాబ్‌ని మెచ్చుకుని ఊరుకునేదాన్ని.

సోమవారం సాబ్ మా ఆయనని పిలిచి టీవీ చూపించారు. "డెబ్బై ఒకటి ఊరికే పడుంది. నీళ్ళ పన్నులవాళ్ళ పని, పెన్షన్లవాళ్ళ పని కూడా దీంట్లోనే పెట్టెయ్."

"సాబ్, అది ఊరికే పడున్నది కాదు. అవసరానికి దొరికేది."

"నువ్వేగా చూపించావు."

అదే సోమవారం స్వాతి మొదటిసారి బడికెళ్ళింది. గేటు దగ్గర ఏడ్చింది అది కాదు. ఇంటికొచ్చి, నాలుగేళ్ళలో మొదటిసారి పట్టపగలు, గ్లాసుడు టీతో కాళ్ళు చాపుకుని కూచున్నాను. టీ సగం కూడా కాలేదు.

"అమ్మాయ్," అన్నారు అత్తయ్య, "పిల్ల బడికెళ్ళిందిగా, ఇంక ఖాళీయేగా నువ్వు. బుధవారం ప్రార్థన కూటం మనింట్లో పెట్టుకుంటానని చెప్పేశాను. ముప్పై మందే."

నిండుగా కనిపిస్తే ఊడ్చేస్తారు. ఖాళీగా కనిపిస్తే కుక్కేస్తారు. సాబ్ గదిలో మెమరీకి టీవీ ఉంది గానీ, కౌంటరు ముందు లైను ఎంత పొడుగుందో చూపించే టీవీ లేదు. మా ఇంట్లోనూ లేదు.

అందుకని నేనొక పద్ధతి కనిపెట్టాను. తొమ్మిదిన్నరకి అలమరలో డబ్బాలన్నీ తెచ్చి గట్టుమీద పరుస్తాను. వాటి మధ్య కత్తిపీట, దాని పక్కన సగం తరిగిన ఆనపకాయ. అత్తయ్య గుమ్మం దాకా వస్తారు, చూస్తారు, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోతారు. ముప్పై ఏళ్ళ నర్సు ఆవిడ. ఆపరేషన్ మధ్యలో ఉన్న బల్లని చస్తే ముట్టుకోరు, ఇంకో రోగిని తెచ్చి దానిమీద పడుకోబెట్టరు.

సర్వర్‌కి కూడా అలాంటి ఆనపకాయ ఏదైనా దొరుకుతుందేమో చూడమని మా ఆయనకి చెప్పాను. వెతుకుతున్నారు.

నేను మాత్రం ఆ డబ్బాల వెనక పీట వేసుకుని ఇది రాస్తున్నాను. పదకొండున్నరకి స్వాతిని తీసుకురావాలి. ఆనపకాయ రెండో సగం అప్పటిదాకా అలాగే ఉంటుంది.