ఎవర్ట్ లాంటో ఏడు సెకన్ల మహాసంగ్రామము

స్వస్తి! సముద్రమంతయు గడ్డకట్టి కార్లకు బాటయై యుండు ఫిబ్రవరి మాసమున, లూలియో పురమందలి ఉక్కు కార్ఖానాలో, గురువారము ఉదయము తొమ్మిది గంటలకు అరనిమిషము తక్కువగా, దీర్ఘపట్టుకారధరుడును, చర్మకవచశోభితుడును, వరుసగా పదకొండు పరాజయముల నార్జించిన ధీరుడును నగు ఎవర్ట్ లాంటో అగ్నిగుండము ముంగిట నిలిచెను. ఆహా, ఏమి నిలుపు! ఏమి బొజ్జ!

ఆ కొలిమిలో, తొమ్మిదివందల ముప్పది డిగ్రీల జ్వాలామధ్యమున, కారు తలుపు ప్రక్క స్తంభము కావలసిన పలుచని ఉక్కురేకు ఎర్రనై యుండెను. దానిని ఏడు సెకన్లలో చల్లని అచ్చున బెట్టి నొక్కిన వజ్రకఠినము. ఎనిమిదవది వచ్చెనా, పనికిరాని మెత్తరేకు. పాత స్తంభముకన్న రెండువందల గ్రాములు తగ్గించెదనని ఈ మహానుభావుడు కోతలు కోసి పదకొండు వారములాయెను. ఎవరి ముక్క పాడైన వారు శుక్రవారము కేకు తేవలెనన్నది అచటి శాసనము. పదకొండు కేకులు తెచ్చెను పాపము! తాను సిగ్గుతో సగమయ్యెను, తోటివారు ఒళ్లు చేసిరి.

వీరుడు రేకును లాగి అచ్చుపై పరచెను. మూడు సెకన్లు! అంతలో కాఫీ విరామపు తొమ్మిది గంట కొట్టెను. అచ్చును నొక్కు యంత్రపు మీట చెంతనున్న తోటి పనివారలి గన్‌వోర్ చేతితొడుగులు విప్పి కాఫీకప్పు నందుకొనెను. వీరులు మాటలాడునపుడు కాలము ఆగునని యెరుగుదురు గదా!

"ఎక్కడికి తల్లీ? మీట నొక్కు!"

"తొమ్మిదైంది ఎవర్ట్. నా కాఫీ చల్లారిపోతుంది."

"ఇక్కడ ఉక్కు చల్లారిపోతోంది మహాతల్లీ!"

"పోనీలే. రేపు మళ్లీ మీగడ కేకు. మీ ఆవిడ చేతి రుచే వేరు."

ఆరవ సెకను! వీరుడు మేఘగంభీరస్వరమున గర్జించెను: "ఓసి కాఫీపానలోలురాలా! కేకుభక్షణధురంధరీ! విను నా శపథం! ఈ ముక్క పాడైందా, రేపు మా ఆవిడ చేసింది కాదు, పెట్రోలు బంకులో ఎండిపోయిన కేకు కొనుక్కొచ్చి నీ ముందు పెడతా!"

గన్‌వోర్ ముఖము పాలిపోయెను. కప్పు జారెను, మీట పడెను. యంత్రము భూనభోంతరాళములు దద్దరిల్ల హుంకరించెను.

ముక్కను పరీక్షించిరి: గట్టిదనము కావలసిన గీత దాటెను. తూచిరి: రెండువందల రెండు గ్రాములు తక్కువ! ఎవర్ట్ కన్నులు చెమర్చెను. అంతటి మనిషి వెక్కి వెక్కి ఏడ్చెను.

"రేపు కేకు లేదు! అందరూ ఎండురొట్టె నమలండి!"

"అదేంటయ్యా?" అన్నది గన్‌వోర్. "మన దగ్గర పుట్టినరోజైతే ఆ మనిషే కదా కేకు తెచ్చేది? మరి గెలిచినోడు తేవద్దూ? మీగడ కాస్త ఎక్కువ వెయ్యమను."

మరునాడు ఆ జగదేకవీరుడు పన్నెండవ కేకును మోసికొనివచ్చి, ఇది దండుగ కేకు కాదు, విజయపు కేకని పేరుపేరునా చాటెను. అందరి నోళ్లును నిండియుండుటచే ఎవ్వరును కాదనలేదు. ఇదియే లాంటో దిగ్విజయము!