సక్సినేట్ పిన్ని అలక

ఆ ఉదయం టిఫిన్లవగానే ఇంటిల్లిపాదినీ బల్ల చుట్టూ కదలకుండా కూర్చోబెట్టాలన్నది చిట్టి పథకం. మధ్యాహ్నం జీవరసాయనంలో మౌఖిక పరీక్ష. ఇప్పటికే ఒకసారి తప్పింది; ఈసారీ తప్పితే ఏడాది నీళ్లపాలే. తిన్న తిండి ఒంట్లో శక్తిగా మారే క్రెబ్స్ చక్రంలో ఒక పదార్థం మరొకటవుతూ పోతుంది. పేర్లేమో దాదాపు అన్నిటికీ 'ఏట్' అనే తోకే. ఏది ముందో ఏది వెనకో ఎంత బట్టీ పట్టినా ఒంటబట్టలేదు. మొహాలైతే గుర్తుంటాయి కదా అనుకుంది.

నాయనమ్మ సిట్రేట్. అవే పరమాణువులు అమరిక మారితే ఐసోసిట్రేట్ గనక, ఆవిడ కుర్చీని గోడవైపు తిప్పింది. తర్వాత కీటోగ్లూటరేట్ బాబాయి. సక్సినైల్ కోఏకు మనిషి చాలక స్టూలు వేసింది. ఆపైన సక్సినేట్ పిన్ని, ఫ్యూమరేట్ అమ్మ, మాలేట్ నాన్న, వరస చివర ఆక్సలో అసిటేట్ తాతయ్య.

"నన్ను గోడకు తిప్పావేమే?" అంది నాయనమ్మ.

"నువ్వు నయమేనమ్మా. నీ దగ్గర ఒక కార్బన్ పోతే నేనట, నా దగ్గర ఇంకోటి పోతే ఆ స్టూలట. పోగొట్టుకోడానికి ఎప్పుడూ నేనే దొరుకుతాను" అన్నాడు బాబాయి.

చిట్టి తొందరలో, "పిన్నిలోంచి రెండు హైడ్రోజన్లు తీసేస్తే అమ్మ" అనేసింది.

"అంటే నాకున్నది ఊడ్చేస్తేగాని అక్క తయారవదన్నమాట" అంది పిన్ని.

"నీకంటే నాలో ఏదో తక్కువని నువ్వే నేర్పినట్టున్నావు దీనికి" అంది అమ్మ.

పిన్ని గదిలోకెళ్లి తలుపేసుకుంది. అమ్మ వంటింట్లో గిన్నెల మీద పడింది. చల్లబరుద్దామని నాన్న గ్లాసుతో నీళ్లు పట్టుకెళితే, అవి తిరిగి ఆయన చొక్కా మీదికే వచ్చాయి. నాయనమ్మ పంతానికి గోడవైపే ఉండిపోయింది. చిట్టి కళ్లు తుడుచుకుంటూ పరీక్షకు వెళ్లింది. బుర్రలో పాఠం లేదు, ఇంటి రభసే ఉంది.

"సక్సినేట్ తర్వాత ఏమిటి?" అని అడిగింది మేడమ్.

చిట్టికి వేసిన తలుపు కనబడింది. "రెండు హైడ్రోజన్లు పోయాయని అలిగిందండీ. అవి పోతే ఫ్యూమరేట్."

"ఆ తర్వాత?"

"నీళ్లు పడ్డాయండీ. ఫ్యూమరేట్‌కు నీళ్లు కలిస్తే మాలేట్, తడిసిపోయింది."

మేడమ్ కళ్లజోడు తీసి చూసింది. "ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"ఇంట్లోనేనండీ."

చక్రమంతా ఒక్క తప్పూ లేకుండా తిరిగొచ్చింది. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు చిట్టికే.

సాయంత్రం ఆ సంగతి వినగానే పిన్ని తలుపు తీసింది. "మీరు పోట్లాడుకోబట్టే పాసయ్యాను" అంటే తోడికోడళ్లిద్దరూ నవ్వాపుకోలేకపోయారు.

"ఇంకా ఇలాంటి చక్రాలు ఉన్నాయా?" అడిగాడు నాన్న.

"యూరియాది ఒకటుంది నాన్నా, వచ్చే నెల."

"దానికి పక్కింటివాళ్లను కూర్చోబెట్టు."