కాటా మీద కాపురం

పెళ్లి నాలుగు కాలాలు నిలబడాలంటే పాస్టర్ గారి హితబోధలు, పూలగుత్తులు, పుట్టినరోజు కేకులు ఏవీ పనికిరావండీ. ఒక్క కాటా చాలు! నమ్మకం లేకపోతే మా ఆయన పికప్‌ ట్రక్కుకి డ్రైవర్ వైపు తలుపు తెరిచి చూడండి. అంచున ఒక కాగితం అంటించి ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించి ఈ బండి మోయరాదు, అని. మోంటానా రాష్ట్రంలో ఇంతకన్నా పవిత్రమైన వాక్యం ఇంకోటి లేదని మా హార్లన్ నమ్మకం.

హార్లన్ ముప్పై ఏళ్లు లారీ తోలాడు. ఎవరెవరి గోధుమలో, పశువులో, సోఫాలో దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి మోశాడు. ఎవరి పెళ్లికి వెళ్లినా నా పక్క కుర్చీలో ఆయన బదులు నా కోటే కూర్చునేది. రిటైరైన రోజున నా చెయ్యి పట్టుకుని, "అర్డిస్, ఇక నీ వంతు. ఒరెగాన్ వెళ్లి సముద్రం చూద్దాం. దారంతా నువ్వు నా పక్కనే," అన్నాడు. నేను ఏడ్చినంత పని చేశాను.

వెంటనే ఒక క్యాంపర్ కొనేశాడు. పికప్ వెనక తొట్టిలోకి ఎక్కించుకునే బుల్లి ఇల్లన్నమాట. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, అన్నీ అందులోనే. అమ్మినవాడు చెప్పిన బరువు మాత్రం ఖాళీ ఇంటిదట. నీళ్లు, గ్యాసు, బ్యాటరీ, ఇద్దరు ముసలివాళ్లు ఆ లెక్కలో లేరు!

ఇక బండిని తయారు చేయడం మొదలైంది. బండి కుంగకుండా కమాన్ కట్టలు మార్చాడు. బరువు మోసే టైర్లు వేయించాడు. ఇల్లు జారకుండా తొట్టిలో రబ్బరు చాప పరిచాడు, నాలుగు మూలలా గొలుసులు బిగించాడు. బరువంతా వెనక ఇరుసుకు కాస్త ముందు పడాలని టేపు పట్టుకుని బండి కిందే కాపురం పెట్టాడు. ఎందుకింత అవస్థ అని అడిగితే, "ముందు చక్రాలు తేలిపోయాయనుకో, స్టీరింగ్ చేతిలో ఉంటుంది గానీ బండి చేతిలో ఉండదే!" అన్నాడు.

ఇక్కడ మాత్రం నేను వెటకారం చేయను. నిరుడు ఒక పెద్దమనిషి ఇవేవీ పట్టించుకోకుండా ఇలాంటి క్యాంపర్‌తోనే కనుమ దిగబోయి, వంటిల్లు వంటిల్లంతా నదిపాలు చేసుకున్నాడు. ప్రాణాలతో బయటపడ్డాడు, అదే పదివేలు.

కానీ ఎన్ని కమాన్లు మార్చినా తలుపు మీది అంకె పెరగదట. అందుకని సామాను తూచడం మొదలైంది. దానివల్ల నాకు ఎంత మేలు జరిగిందనుకున్నారు! మా అమ్మమ్మ ఇనప పెనం మూడు తరాల కడుపులు నింపింది. అది బరువని కనిపెట్టడానికి మా హార్లన్ పుట్టాల్సి వచ్చింది. బొంత వద్దన్నాడు. హకిల్‌బెర్రీ పళ్ల జామ్ సీసాలు వద్దన్నాడు. రెండు నవలలు పెట్టుకుంటానంటే, "ఒకటి చాలు, నెమ్మదిగా చదువుకో," అన్నాడు. ఇంత పొదుపుగా చదవడం ఏ కాలేజీలో నేర్పుతారు చెప్పండి?

మరి ఆయన టూల్‌బాక్సు? అయ్యయ్యో, అది బరువు కాదండీ, సేఫ్టీ! జనరేటర్? అదీ సేఫ్టీయే! కట్టలు కట్టలుగా చేపల గాలాలు? అవి మరీ సేఫ్టీ. ఆకలి కడుపుతో బండి నడపకూడదు కదా!

ఈ ఉదయం ధాన్యం గోదాము దగ్గర లారీల కాటా మీదికి ఎక్కాం. కోతల రోజులు కదా, మా వెనక గోధుమ లారీలు బారులు తీరాయి. కాటా చూసే డ్వేన్ మా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒరే హార్లన్, ఎక్కువైందిరా! ఇంచుమించు ఓ మనిషంత!" అని అరిచాడు.

హార్లన్ దిగి బండి చుట్టూ తిరిగాడు. చక్రాలు చూశాడు. ఇరుసు చూశాడు. టూల్‌బాక్సు మీద ప్రేమగా చెయ్యి వేశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు.

"అర్డిస్, ఒక మాట చెప్తాను, కోప్పడకు. నువ్వు మన చిన్న కారేసుకుని వెనకాలే వస్తే..."

"చచ్చావురా!" అన్నాడు డ్వేన్.

కోపమా? నాకా? ఇందులో ఎన్ని లాభాలున్నాయో మీరే చూడండి! నా రేడియో నా ఇష్టం. నా కిటికీ నా ఇష్టం. ఐడహో దాటి, ఒరెగాన్ దాటి, సముద్రం కనబడేదాకా నా కళ్ల ముందు మా ఆయన బండి వెనక ఎర్ర లైట్లు. కొత్తగా అలవాటు చేసుకోవాల్సిన పని కూడా లేదు. ముప్పై ఏళ్లు మా వాకిట్లో నిలబడి నేను చూసింది అవే కదా! లోకంలో అందరి సామానూ కిమ్మనకుండా మోసిన మనిషి, ఎక్కువైందని దించబోయింది నన్నొక్కదాన్నే. ఒళ్లు మండిందండీ.

అందుకే పత్రికకు పంపే ఈ కాలమ్ నేను ఇంట్లో బల్ల ముందు కూర్చుని రాయడం లేదు. కాటా మీదే, ఆయన పక్క సీట్లోనే, బెల్టు బిగించుకుని రాస్తున్నాను. వెనక లారీలు హారన్ల మోత మోగిస్తున్నాయి. "చెల్లెమ్మా, ఊళ్లో కోతలన్నీ ఆగిపోయాయమ్మా, నీకు పుణ్యముంటుంది!" అని డ్వేన్ బతిమాలుతున్నాడు. రైతు సోదరులు నన్ను మన్నించాలి.

జాకీ, స్పేర్ టైరు ఉండనిచ్చాను. అవి నిజంగానే కావాలి. జనరేటర్ దిగింది. గాలాలు దిగాయి. టూల్‌బాక్సును మా ఆయన పసిపిల్లాడిని బడిలో దించి వచ్చినట్టు డ్వేన్ గదిలో దించి వచ్చాడు. ఇప్పుడే చెమట తుడుచుకుంటూ నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇంకా కొంచెం ఎక్కువే ఉందట. ఏం దించమంటావు?"

"నన్ను తప్ప ఏదైనా," అన్నాను.