జవాబుకు ముందు మేనమామ కుశలం

నిప్పును అగ్గిపెట్టెలో పెట్టి అమ్మిన ఊరు తమిళనాడులోని కోవిల్‌పట్టి. అట్లాంటి ఊరికి జ్ఞానాన్ని ఫోనులో పెట్టి అమ్మడం ఒక లెక్కా? ఇసక్కిరాజా అట్లాగే అనుకున్నాడు. శెనక్కాయల మిఠాయి బట్టీ పైన ఒక గది బాడుగకు పట్టి, ‘తెలుసా’ అనే ఏఐ సెర్చ్ కంపెనీ పెట్టాడు. (కింద బెల్లం పాకం ఉడుకుతుంటే పైన కంప్యూటర్లు చల్లగా ఉండవలసి రావడం కంపెనీ మొదటి వ్యూహాత్మక సవాలు.)

రెండో సవాలు జనం. ఏమడిగినా రెప్పపాటులో జవాబిచ్చే ఆ యాప్‌ను ఒకసారి తెరిచినవాళ్ళు మళ్ళీ తెరవడం లేదు. నెలాఖరుకు వాడేవాళ్ళు పెరగకపోతే గదికి తాళం వేయిస్తానని, చెన్నైలో ఉండే పెట్టుబడిదారు నారాయణన్ ఎంతో మర్యాదగా కబురంపాడు.

వ్యూహ విభాగాధిపతి బృంద (విభాగంలో ఆమె ఒక్కతే) పరిశోధన నిమిత్తం ఇసక్కిరాజా మేనత్త అళగమ్మాళ్‌ను పిలిపించింది. సాత్తూరులో మిరపకాయల ధర ఎంతని ఆమె అడిగింది. యాప్ టక్కున చెప్పింది. ఆమె ఫోను బోర్లించి, బస్సెక్కి సాత్తూరు పోయి అడిగి వచ్చింది.

“ఏం అత్తా, అది తప్పు చెప్పిందా?” అన్నాడు ఇసక్కిరాజా.

“సరిగానే చెప్పిందిరా. ఏ ఊరు, ఎవరింటిదానివి, తిన్నావా అని ఒక మాట అడక్కుండా చెప్పేదాన్ని ఎట్టా నమ్మేది? మొగం చూడకుండా కూడు పెట్టినట్టు ఉండాది.”

కంపెనీ దీన్ని ‘నమ్మకపు లోటు’గా గుర్తించి, అత్యవసర సమావేశంలో ఏడో నిబంధన ఆమోదించింది: జవాబుకు ముందు యాప్ విధిగా ఊరు, ఇంటిపేరు, భోజనం, మేనమామ కుశలం విచారించవలెను. (మేనమామ లేనివారు పెదనాన్నను ఎంచుకోవచ్చు.)

వారం తిరక్కముందే విరుదునగర్ దాకా జనం దానికి అతుక్కుపోయారు. కారియాపట్టిలో ఒకాయన వాన ఎప్పుడొస్తుందని అడగబోయి, మేనమామతో ఉన్న గట్టు తగాదా కథ ఎత్తుకున్నాడు. ఆ కథ ముగిసేలోపు వాన వచ్చి వెలిసింది. యాప్‌కు ఆయన ఐదుకు ఐదు నక్షత్రాలు ఇచ్చాడు.

బృందకు మాత్రం గుబులు పట్టుకుంది. “అన్నా, ఒక్కరూ జవాబు దాకా పోవడం లేదు. మనది సెర్చ్ కంపెనీ గదా?”

“నోరు మూసుకోమ్మా. సారు తాళం పట్టుకొని వస్తా ఉండాడు.”

నారాయణన్ మదురైలో బస్సెక్కి, ఆఫీసుకు ఎక్కడ దిగాలని ‘తెలుసా’నే అడిగాడు. పొద్దు వాలినా మనిషి జాడ లేదు. చివరికి తిరునెల్వేలి నుంచి ఇసక్కిరాజాకు ఫోను వచ్చింది.

“మాటల్లో పడి కోవిల్‌పట్టి దాటిపోయాను తంబీ,” అన్నాడు నారాయణన్. “మా అమ్మ పోయాక తిన్నావా అని నన్ను అడిగింది ఇదొక్కటే. కంపెనీ మూయడం లేదు. ఇంకా డబ్బు పెడతా. అయితే ఒకటే షరతు.”

“చెప్పండి సార్.”

“చివర్లో జవాబని ఒకటి చెప్తుందట కదా, అది తీసెయ్. అది వినగానే జనం లేచి వెళ్ళిపోతారు.”

ఇసక్కిరాజా ఆ రోజే తీసేశాడు. అప్పటినుంచి ‘తెలుసా’ తప్పు చెప్పిందని ఒక్క ఫిర్యాదు రాలేదు.