కారం చేపకి ఏ వైను?

ఆదివారం పొద్దున్నే నసీబ్ అన్నీ అనుకుని పెట్టుకున్నాడు. వేయించిన చిన్న చేపలకి పుల్లటి తెల్ల వైను, ఉల్లిపాయల చేప అన్నానికి ఇంకాస్త చిక్కటిది, ఆఖర్న కారం చేపకి గులాబీ రంగుది. నాలుగేళ్ల తర్వాత అన్న షాహీన్ భోజనానికి వస్తున్నాడు మరి!

బత్రూన్ ఊళ్లో సముద్రపుటొడ్డున తండ్రి వదిలిపోయిన చేపల హోటల్లో అన్నదమ్ములు తగువుపడింది సరిగ్గా ఈ విషయం మీదే. చేప పక్కన, నీళ్లు కలిపితే తెల్లబడే అరక్ తప్ప ఇంకోటి పెడితే నాన్న పరువు పోతుందన్నాడు షాహీన్. “నీ సోంపు సారా తాగాక ఏ చేపైనా ఒకటేలే” అన్నాడు నసీబ్. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్న ఆ పూటే కొండల అవతల జహ్లే ఊరికి వెళ్లిపోయాడు. ఆ ఉక్రోషంలో నసీబ్ అంతకంటే పాడు పని చేశాడు. నాన్న అరక్ కాచిన రాగి బట్టీ అమ్మేసి, ఆ డబ్బుతో గాజు తలుపుల వైను ఫ్రిజ్ కొన్నాడు. దాని తలుపు తెరిచినప్పుడల్లా బట్టీయే గుర్తొచ్చేది. ఇవాళ అన్న నోట “సరేలేరా” అనిపించుకుంటే చాలు, బట్టీ సంగతి తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చు.

ఇంతలో కరెంటు పోయింది. వీధి జనరేటర్ వాడు ఫోనెత్తలేదు. వైను వేడెక్కిపోతుందని నసీబ్ ఫ్రిజ్‌లోని సీసాలన్నీ తెచ్చి చేపల ఐసు తొట్టిలో ముంచాడు. కాసేపాగి చూస్తే ఐసు చాలావరకు కరిగిపోయింది, లేబుళ్లన్నీ ఊడి నీళ్లమీద తేలుతున్నాయి.

“అమ్మా! ఏ సీసా ఏదో తెలిసి చావట్లేదే!”

తల్లి వర్దే పరుగున వచ్చింది. “ఓరి నాయనో, అడుగున ఉన్న నా సీసా కూడా ముంచావుట్రా? లేబులు మీద గుర్తు పెట్టుకున్నానే!”

“నీకు సీసా ఏమిటే?”

“ఏం లేదులే. అవతల చేపలు మాడుతున్నాయి” అని వంటింట్లోకి తప్పుకుంది.

షాహీన్ వచ్చి బిగుసుకుని కూర్చున్నాడు. “తిని వెళ్లిపోతాను. నాన్న బట్టీ పట్టుకుపోదామని వచ్చాను” అన్నాడు.

నసీబ్ చటుక్కున ఐసు తొట్టి దగ్గరికి వెళ్లాడు. “ముందు ఇది రుచి చూడన్నయ్యా” అంటూ చేతికందిన సీసా తీసి వంపాడు. చల్లదనం తగ్గిపోయింది. వైనులో ఐసు వేసేవాళ్లని బయటికి గెంటాలని రోజూ ఉపన్యాసాలిచ్చే మనిషి, గబగబా రెండు ఐసు ముక్కలు పడేశాడు. గ్లాసు పాలలా తెల్లబడిపోయింది.

షాహీన్ వాసన చూశాడు. ఒక గుటక వేశాడు. “ఇది నేను కాచిన అరక్ రా! వెళ్లేముందు కాచిన ఆఖరి కాపు. ఇన్నాళ్లూ దాచావా?”

నసీబ్ నోరు తెరవబోయేసరికి వంటింట్లోంచి వచ్చిన తల్లి అతని కాలు తొక్కింది. “దాచాడు నాయనా, కంటికి రెప్పలా” అంది.

షాహీన్ చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. “నేను వట్టి మూర్ఖుణ్ణిరా. పంతానికి పోయి బట్టీ లాక్కుపోదామనుకున్నా. వద్దు, ఇక్కడే ఉండనీ. ద్రాక్ష కోతలవగానే వచ్చేస్తా, ఇద్దరం కలిసి కాద్దాం. నీ వైను నువ్వు పోసుకో, నా అరక్ నేను పోస్తా. సరేనా? పద, బట్టీ చూపించు. ఒక్కసారి చేత్తో తడిమి చూడాలనుంది.”

నసీబ్ ఒక్క మాట కోసం ఆశపడితే అన్నే తిరిగొచ్చేశాడు. ఆ సంతోషంలో ఏడుపొచ్చింది, ఇక అబద్ధం ఆడబుద్ధి కాలేదు. సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది. మూలనున్న వైను ఫ్రిజ్ గుర్రుమంటూ నీలంగా వెలిగింది.

నసీబ్ దానివైపు వేలు చూపించాడు. “నన్ను క్షమించన్నయ్యా. బట్టీ అదే.”

షాహీన్ ఆ ఖాళీ అరల వంక చూశాడు. అరక్ గ్లాసు పక్కకి జరిపేశాడు. అయినా లేచి వెళ్లలేదు. వర్దే కారం చేప తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, “చల్లారిపోతుంది, తినండర్రా” అంది.

ఆ రోజు కారం చేపతో అన్నదమ్ములిద్దరూ మంచినీళ్లు తాగారు.